నాలుక ఎవరు పెట్టారు? నైట్ కంట్రీ గొడవని విడదీసి చూస్తే

2024లో సంక్రాంతి సోమవారం పడింది. ముందు రోజు వేసిన భోగిమంట బూడిద ఇంకా వాకిట్లోనే ఉంది. వంటింట్లో పొంగలి ఉడుకుతోంది. నేనూ మా బామ్మర్దీ మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చొని, ఎండకి స్క్రీన్ కనబడక తలల మీద తువ్వాలు కప్పుకొని, జియో సినిమాలో అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ వాళ్ళ నేరపరిశోధన సిరీస్ ట్రూ డిటెక్టివ్ నాలుగో సీజన్, అంటే నైట్ కంట్రీ, మొదటి ఎపిసోడ్ చూశాం. అమెరికాలో ఆదివారం రాత్రి వచ్చేది మనకి సోమవారం పొద్దున వస్తుంది. తెర మీద అలాస్కాలో ఆ ఏడాదికి ఆఖరి సూర్యాస్తమయం, ఇక రోజుల తరబడి పొద్దు పొడవదు. తువ్వాలు తీస్తే తిరుపతి ఎండ. ఎపిసోడ్ అయిపోయేసరికి ఇద్దరిదీ ఒకటే మాట, అదిరిపోయిందని. ఐదు వారాల తర్వాత, ఫిబ్రవరి 19న ఆఖరి ఎపిసోడ్ చూసినాక లీలామహల్ సర్కిల్లో టీ కొట్టు దగ్గర నిలబడి గంటన్నర సేపు వాదించుకున్నాం. వాడు మోసం చేశారన్నాడు. నాకేమో ఆ ముగింపు తల్లోంచి పోవడం లేదు, అంత నచ్చింది.

మా ఇద్దరి గొడవే ప్రపంచమంతా జరిగింది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, మామూలు ప్రేక్షకుల్లో పెద్ద భాగం మండిపడింది, మొదటి సీజన్ రాసినాయనే బయటకొచ్చి ఎగతాళి చేశాడు. అప్పట్నుంచీ ఈ సీజన్ పేరెత్తితే చాలు, జనం రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు ఇది చెత్త అంటుంది, ఇంకో జట్టు నీకు ఆడవాళ్ళు హీరోలైతే కడుపుమంట అంటుంది. రెండూ నాకు సరిపోలేదు. ఎందుకంటే ఇది ఒక గొడవ కాదు, మూడు నాలుగు వేరువేరు గొడవల్ని ఒకే మూటలో కట్టేశారు. అందులో న్యాయమైన ఫిర్యాదు ఉంది, అన్యాయమైనదీ ఉంది, లోపమని అందరూ వేలెత్తి చూపించిన ఒక విషయం అసలు ఈ సీజన్లో అన్నిటికంటే గొప్ప సంగతి అని నా నమ్మకం. అది చెప్పాలంటే కథ మొత్తం చెప్పాలి, హంతకులెవరో కూడా. చూడాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆపేసి చూసి రండి, ఆరే ఎపిసోడ్లు.

కథ ఎన్నిస్ అనే ఊళ్ళో జరుగుతుంది. అలాస్కాలో అలాంటి ఊరు లేదు, కల్పించింది, షూటింగ్ కూడా ఐస్‌లాండ్‌లో చేశారు. ఊరవతల మంచులో త్సలాల్ అనే పరిశోధనా కేంద్రం, అందులో ఎనిమిది మంది మగవాళ్ళు. ఒక రాత్రి ఎనిమిది మందీ మాయం. టీవీ ఆడుతూనే ఉంది, నేల మీద మాత్రం తెగిన నాలుక ఒకటి పడి ఉంది. ఆ నాలుక ఆరేళ్ళ కింద హత్యకు గురైన ఆనీ అనే ఇన్యూపియాక్ మంత్రసానిది, ఇన్యూపియాక్ అంటే అలాస్కా ఆదివాసులు. ఊళ్ళో గని నీళ్ళని విషం చేస్తోందని, బిడ్డలు చచ్చి పుడుతున్నారని పోరాడిన మనిషి ఆమె. మాయమైనవాళ్ళు, ఒక్కడు తప్ప, తర్వాత మంచులో బట్టల్లేకుండా, ఒకరికొకరు పెనవేసుకుపోయి గడ్డకట్టి దొరుకుతారు. కేసు చూసేది పోలీస్ అధికారి డాన్వర్స్, అంటే జోడీ ఫోస్టర్, ఆవిడతో పడని ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీసు, నవారో, అంటే బాక్సింగ్ నుంచి నటనలోకి వచ్చిన కాలీ రీస్. రాసి తీసింది మెక్సికో దర్శకురాలు ఇసా లోపెజ్.

ఇక పేరు గొడవ. ట్రూ డిటెక్టివ్ అనేది ప్రతి సీజన్‌కీ కొత్త ఊరు, కొత్త పోలీసులు, కొత్త కేసు ఉండే సిరీస్. 2014లో మొదటి సీజన్ లూసియానాలో, మాథ్యూ మెకానహే, వుడీ హారెల్సన్. నిక్ పిజొలాటో రాశాడు, ఎనిమిది ఎపిసోడ్లూ కేరీ ఫుకునాగా ఒక్కడే తీశాడు. దాని ఆఖరి ఎపిసోడ్ రోజు జనం ఒక్కసారిగా ఎగబడేసరికి హెచ్‌బీఓ వాళ్ళ స్ట్రీమింగ్ పడిపోయింది. ఆ పేరు అప్పుడే ఒక కొలబద్ద అయిపోయింది, దాని నీడ నుంచి తర్వాత ఏ సీజనూ తప్పించుకోలేదు. 2015లో వచ్చిన రెండోదాన్ని జనం ఉతికి ఆరేశారు. దాని గురించి హెచ్‌బీఓలో అప్పటి ప్రోగ్రామింగ్ పెద్ద మైఖేల్ లాంబార్డో తర్వాత తప్పు మాదేనని ఒప్పుకున్నాడు. మొదటిది రచయిత మనసులో ఏళ్ళ తరబడి నానిన కథ, రెండోదానికి మేమే ఏడాదిలో తేదీ పెట్టి తరిమాం అన్నాడు. 2019లో మహెర్షలా అలీతో వచ్చిన మూడోది బాగానే ఉంది, పెద్దగా గొడవల్లేకుండా వెళ్ళిపోయింది.

నాలుగోది వచ్చేసరికి పిజొలాటో కథలో లేడు, పేరు మాత్రం నిర్మాతల జాబితాలో ఉంది. ఇక్కడే లోపెజ్ ఒక పని చేసింది, నా దృష్టిలో చేయకుండా ఉండాల్సిన పని. మొదటి సీజన్ గుర్తుల్ని తెచ్చి ఇక్కడ అతికించింది. ఆ సుడి గుర్తు మళ్ళీ కనిపిస్తుంది. త్సలాల్‌కి డబ్బిచ్చే కంపెనీ వెనక టటిల్ పేరు, అంటే మొదటి సీజన్లో దుర్మార్గాల వెనకున్న కుటుంబం పేరు. మంచులో శవాలు ఎక్కడున్నాయో చూపించే దయ్యం ఎవరయ్యా అంటే ట్రావిస్ కోల్, మొదటి సీజన్ హీరో రస్ట్ కోల్ తండ్రి. ఆఖర్లో ఒక పాత్ర చేత కాలం గుండ్రంగా తిరుగుతుందనే ఆ పాత డైలాగు కూడా అనిపించారు. పదేళ్ళుగా మొదటి సీజన్ని గుండెల్లో పెట్టుకున్నవాడికి ఇదంతా ఏదో పెద్దదానికి దారి అనిపిస్తుంది కదా? మా బామ్మర్ది నోట్‌బుక్ పెట్టుకొని రాసుకున్నాడు, టటిల్ డబ్బు ఎటు పోయింది, సుడి గుర్తు ఎవరు గీశారు అని. ఆఖరికి ఆ గీతలేవీ ఎక్కడా కలవలేదు. ఉత్త పలకరింపులే. పెళ్ళికి పిలిచి, పందిట్లో కూర్చోబెట్టి, విస్తరి వెయ్యకుండా పంపినట్టు ఉంది వాడికి. ఆ కోపం న్యాయమైన కోపం, దాన్ని ఆడవాళ్ళంటే పడనితనం అని కొట్టిపారేయడం అన్యాయం.

కానీ న్యాయం రెండో వైపు కూడా చూడాలి. 2014లో మొదటి సీజన్ ముగిసిన రోజు ఏం జరిగిందో అభిమానులు మర్చిపోయారు. అప్పుడూ వారాల తరబడి, కథలో వినిపించే ఎల్లో కింగ్ ఎవరు, కార్కోసా ఏంటి అని సిద్ధాంతాలు అల్లారు. ఆ రెండు పేర్లూ 1895 నాటి కథల పుస్తకంలోవి కాబట్టి దాన్ని వెతికి చదివారు. ఆఖరికి దొరికింది పచ్చిక కోసే పనివాడు. పెద్ద తలకాయలు చాలావరకు తప్పించుకుపోయాయి. ఇంతేనా అని అప్పుడూ గట్టిగానే తిట్టారు. పదేళ్ళలో ఆ అసంతృప్తి కరిగిపోయి మొదటి సీజన్ మచ్చలేని రత్నం అయింది. మొదటి సీజన్ గొప్పదే, నేనూ నాలుగైదు సార్లు చూశాను. దాని ముగింపుకి మనం ఇచ్చిన మన్నింపు నాలుగోదానికి ఇవ్వలేదంతే.

మార్కుల గొడవ దగ్గరికి వస్తే అది త్వరగా తేలిపోతుంది. రివ్యూలు పోగుచేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్‌లో విమర్శకుల అంకె 90 దాటి ఉంటే ప్రేక్షకుల అంకె చాలా కింద పడింది, అదిగో విమర్శకులు అమ్ముడుపోయారు అన్నారు కొందరు. అసలు ఆ అంకె మార్కు కాదు. విమర్శకుల్లో ఎంతమంది బాగుందన్నారనే శాతం. పది మంది రాస్తే పది మందీ పర్వాలేదు, చూడొచ్చు అన్నా నూటికి నూరు వస్తుంది. ప్రేక్షకుల వైపు ఐదుకి మూడున్నర నక్షత్రాలు, ఆపైన ఇచ్చినవాళ్ళ శాతం. సిరీస్ చూశావా లేదా అని అక్కడ ఎవరూ ఆపి అడగరు, కోపంతో వచ్చినవాడు మొదటి ఎపిసోడ్ రోజే అర నక్షత్రం కొట్టిపోవచ్చు. కొట్టారు కూడా. లోపెజ్ స్వయంగా, ఈ సీజన్ నచ్చినవాళ్ళు వెళ్ళి రివ్యూ రాయండి, మొదటి సీజన్ వీరాభిమానులు అంకెని పడగొడుతున్నారు అని అడగాల్సి వచ్చింది. ఆ మాటతో, నిజంగా చూసి నచ్చక చెప్పినవాళ్ళకి కూడా చురుక్కుమంది. ఇంకోవైపు హెచ్‌బీఓ చెప్పిన లెక్కలో ఎపిసోడ్‌కి సగటున 1.27 కోట్ల మంది చూశారు, మొదటి సీజన్ 1.19 కోట్లు. అంటే ట్రూ డిటెక్టివ్‌లో అన్ని సీజన్లకంటే ఎక్కువమంది చూసింది అందరూ తిట్టారని పేరుపడ్డ ఈ సీజన్నే. అమెరికా టీవీ అవార్డులు ఎమ్మీలకి 19 నామినేషన్లు వచ్చాయి, ఆ సెప్టెంబర్లో ఫోస్టర్‌కి ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది. విమర్శకులు ఎపిసోడ్లు ముందే తెప్పించుకొని వరసగా చూస్తారు. మనం వారానికొకటి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ నేరకథకి ఇదే ప్రాణం. వారం రోజుల ఖాళీలో మనం ఊరికే ఉండం, ఒక్కో ఆధారాన్నీ పదిసార్లు తిప్పి చూస్తాం. దొర్లుకుంటూ వచ్చిన నారింజపండు, ఒంటికన్ను ఎలుగుబంటి, అన్నిటికీ అర్థాలు కడతాం. సోమవారం వచ్చేసరికి మన తల్లో ఒక సిరీస్ తయారై ఉంటుంది, తెర మీద ఇంకొకటి వస్తుంది. మా బామ్మర్ది తయారుచేసిన సిరీస్ నాకూ తెలుసు, టీ కొట్టు దగ్గర నాకు వివరంగా చెప్పాడు, నిజంగా బాగుంది. కానీ అది లోపెజ్ తీసిన సిరీస్ కాదు. నేను ఏప్రిల్లో ఆరూ రెండు రాత్రుల్లో మళ్ళీ చూశాను. అప్పుడు అదే కథ వేరేగా కనిపించింది. ఎవరు చేశారన్న ఆత్రం పోయి, ఊళ్ళో కుళాయిలోంచి వచ్చే నల్లనీళ్ళు, పీటర్ ప్రయర్ అనే కుర్ర పోలీసు డాన్వర్స్ ప్రాణం కాపాడటానికి సొంత తండ్రిని కాల్చేసి, ఆ నెత్తురు తనే తుడుస్తున్న దృశ్యం, ఇవి ముందుకొచ్చాయి.

ఇక ఆడవాళ్ళ విషయం. ఇందులో నాకు తటపటాయింపు లేదు. కొంతమంది కోపం కేవలం అదే, మొదటి ఎపిసోడ్ సగం కాకముందే వచ్చిన తిట్లు చూస్తే తెలిసిపోతుంది. మొదటి సీజన్‌ని 2014లోనే ఎమిలీ నస్‌బామ్ లాంటి విమర్శకులు తప్పుపట్టారు, అందులో ఆడవాళ్ళు భార్యలో, వేశ్యలో, శవాలో తప్ప మనుషులుగా లేరని. నాలుగో సీజన్ దానికి పదేళ్ళ తర్వాత వచ్చిన జవాబు, కావాలనే తలకిందులు చేసింది. మగ శవాలు మంచులో గుట్టగా ఉంటాయి, ప్రశ్నలు అడిగేది ఆడవాళ్ళు. అది నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు, కథ అర్థంకాలేదనే ముసుగు ఎందుకు?

ఇప్పుడు అసలు చిక్కు. ఆ మగవాళ్ళని చంపింది మనుషులా, దయ్యమా?

ఆఖర్లో తేలేది ఇది. ఆనీని చంపింది ఆ శాస్త్రవేత్తలే. గని ఎంత విషం వదిలితే నేల అంత మెత్తబడి వాళ్ళ తవ్వకం సులువవుతుంది, అందుకని కాలుష్యాన్ని వాళ్ళే ఎగదోశారు. అది కనిపెట్టి వాళ్ళ నమూనాల్ని ధ్వంసం చేసినందుకు ఆనీని పొడిచి చంపారు. ఈ సంగతి ఆరేళ్ళ తర్వాత ఎవరికి తెలిసిందంటే, ఆ కేంద్రంలో నేల తుడిచే ఇన్యూపియాక్ ఆడవాళ్ళకి. వాళ్ళు తుపాకులు పట్టుకొచ్చి, మగవాళ్ళని మంచులోకి తోలుకుపోయి, బట్టలు విప్పించి, చీకట్లోకి నడిపించారు. బట్టలు అక్కడే ఉంచారు. వాళ్ళ పెద్ద, బీ అనే ఆవిడ, చెప్పే మాటల సారం ఇది: ఆమె వాళ్ళని వద్దనుకుంటే వాళ్ళు తిరిగొచ్చి బట్టలు వేసుకొని బతికేవాళ్ళు, ఆమె కావాలనుకుంది కాబట్టి తీసుకుంది. ఆ ఆమె ఎవరో పేరు పెట్టి చెప్పరు. మంచులో నిద్రలేచిన ఎవరో. డాన్వర్స్ అంతా విని, మంచుచరియ విరిగిపడి చనిపోయారనే పాత నివేదికనే ఉంచేసి వచ్చేస్తుంది.

దీని మీద జనం జుట్లు పట్టుకున్నారు. హేతువు కావాలన్నవాళ్ళు, అయితే ఆ భయంతో బిగుసుకుపోయిన ముఖాలేంటి, కరిచిన గాట్లేంటి, చెప్పు అన్నారు. దయ్యం కావాలన్నవాళ్ళు, ఇంత ఊరించి చివరికి పనిమనుషులా అన్నారు. ఇద్దరూ అడిగేది ఒకటే, ఏదో ఒకటి తేల్చు అని. నాకు ఆ ప్రశ్నే రాలేదు. ఎందుకు రాలేదా అని చాలా రోజులు ఆలోచిస్తే, కారణం మా ఊళ్ళో గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంటలో దొరికింది.

తిరుపతిలో పుట్టినవాళ్ళకి గంగ జాతర కథ చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెప్తాను. ఒక పాలెగాడు ఊళ్ళో ఆడవాళ్ళని చెరుస్తుంటాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కన్నేస్తాడు, ఆమె విశ్వరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం వేస్తుంది, బైరాగి, బండ, తోటి అని. దొర వేషంలో వచ్చేసరికి దొరే వచ్చాడనుకొని వాడు బయటికొస్తాడు, తల నరుకుతుంది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి ఇంటి ఆడవాళ్ళని ఓదారుస్తుంది. ప్రతి మే నెలలో వారం రోజులు ఊరంతా ఇదే జరుగుతుంది. మగవాళ్ళు చీరలు కట్టి పూలు పెట్టుకుంటారు, వేషగాళ్ళు పాలెగాడిని రెచ్చగొట్టే బూతులు నడివీధిలో తిడతారు, అమ్మవారి వేషాలు కైకాల కులంవాళ్ళు కడతారు. దొర వేషం గడప ముందుకి వచ్చినప్పుడు హారతి ఇచ్చే ఆడమనిషి, ఇది కైకాలవాళ్ళ అబ్బాయా, గంగమ్మా అని అడగదు. రెండూ ఒకే మనిషిలో నిలబడి ఉంటాయి. చేసింది మనిషి చెయ్యి, చేయించింది అమ్మ. ఒకటి నిజమైతే ఇంకొకటి అబద్ధం కావాలనే పట్టింపు అక్కడ లేదు.

ఇన్యూపియాక్ వాళ్ళ నమ్మకాలు వేరు, మన జాతర వేరు, రెండూ ఒకటని అనడం లేదు. కథ చెప్పే పద్ధతి గురించి మాట్లాడుతున్నాను. బీ మాటల్లో తప్పించుకోవడం లేదు, మేమే తీసుకెళ్ళాం అంటోంది, ఆమె తీసుకుంది అని కూడా అంటోంది. లోపెజ్ తేల్చలేక వదిలెయ్యలేదు, రెండూ కలిపి ఒకే జవాబుగా చెప్పింది.

ఇంకొక ఫిర్యాదు నన్ను ఎక్కువ బాధపెట్టింది. హంతకులు ఎక్కడినుంచో ఊడిపడ్డారు, ముందెక్కడా చూపించలేదు, ఇది తొండాట అన్నారు. చూపించారు. మొదటి ఎపిసోడ్లోనే పీతల ఫ్యాక్టరీలో ఒకడు బ్లెయిర్ అనే ఆమెని కొడితే బీ బకెట్టుతో వాడి తల పగలగొడుతుంది. బ్లెయిర్ చేతికి వేళ్ళు తక్కువ. ఆఖరి ఎపిసోడ్లో తలుపు మూత మీద దొరికే చేతిగుర్తుకి వేళ్ళు తక్కువ. ఆట పద్ధతిగానే ఆడారు, మనం చూడలేదు. తుడిచేవాళ్ళని ఎవరు చూస్తారు? అందుకే డాన్వర్స్ ఆఖర్లో ప్రశ్న మార్చుకుంటుంది, ఆనీని ఎవరు చంపారని కాదు, ఎవరు చంపారో ఎవరికి తెలుసు అని.

మా పెద్దమ్మ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో పదిహేడేళ్ళు రూములు కడిగింది. యాత్రికులు గుండు చేయించుకొని కొండ దిగి వచ్చి, ఖాళీ చేసి వెళ్ళిన గంటలోపల దుప్పట్లు మార్చి, బాత్రూమ్‌లో ఫినాయిల్ పోసి రుద్ది, తడి ఆరకముందే ఇంకొకళ్ళకి రూము ఇవ్వాలి. అరచేతుల్లో గీతలు కూడా అరిగిపోయాయి ఆమెకి. మనుషులు ఉండగానే ఊడ్చాల్సి వస్తే, తను ఉన్నట్టే లెక్కలోకి తీసుకోకుండా భార్యని తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళంట, అప్పుల సంగతులు, ఆస్తి సంగతులు మాట్లాడేవాళ్ళు మాట్లాడేవాళ్ళంట. ఎవరు ఎవరితో ఏ పేరుతో దిగారో రిజిస్టర్ కంటే ఆమెకే బాగా తెలుసు.

మే నెలలో జాతరకి ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు, అంబలి తాగుతూ ఈ కథ మొత్తం చెప్పాను, ఆఖరి అరగంట ఫోన్లో చూపించి మాటలు తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. బామ్మర్ది కూడా పక్కనే ఉన్నాడు. ఆడవాళ్ళు తుపాకులతో లోపలికి వచ్చే దగ్గర పెద్దమ్మ ఏం ఆశ్చర్యపోలేదు, ఆ తుడిచే పిల్లలకి తెలియకుండా ఎట్లుంటుందిలే అనింది. మంచులోకి నడిపించే దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆయమ్మ ఎత్తకపోయిందిలే, మంచిపని చేసింది అనింది. ఏ ఆయమ్మ అని నేను అడగలేదు. నేను బామ్మర్ది వైపు చూశాను, చూశావా అన్నట్టు.

గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకొని పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"అది సరేరా, ఆ నాలుక ఆడ ఎవరు పెట్టినారు?"

బామ్మర్ది ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు. ఫిబ్రవరి నుంచి వాడు నన్ను అడుగుతున్నది అదే. కోసినవాడు పీటర్ తండ్రి, పోలీసు హ్యాంక్ అనే అనుకున్నా, ఆరేళ్ళ తర్వాత అది త్సలాల్ నేల మీదికి ఎట్లా వచ్చిందో ఎక్కడా లేదు, తుడిచే ఆడవాళ్ళు కూడా మేం కాదంటారు. నా దగ్గర జవాబు లేదు, కథలో చెప్పలేదని చెప్పాను.

"చెప్పాల కదా మరి," అనింది పెద్దమ్మ.